వేపరెమ్మ కట్టని గుమ్మం

నా చిన్నప్పుడు పాల్మాకులలో ఎవరింట్లోనైనా ఒంటి మీద పొక్కులు లేస్తే గుమ్మానికి వేపరెమ్మ కట్టేవాళ్లు. ఆ రెమ్మ కనిపిస్తే కడుపుతో ఉన్నవాళ్లు ఆ గడప ఛాయలకు కూడా పోయేవాళ్లు కాదు. ఇంట్లో తాలింపు పెట్టరు, చుట్టాలు వచ్చినా వాకిట్లోంచే తిరిగిపోతారు. అమ్మవారంటే భయం కొంత, భక్తి కొంత. ఏదైతేనేం, ఆ రెమ్మ చాలామంది పిల్లల్ని కాపాడి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది. మా గుమ్మానికి మాత్రం కట్టవలసిన రోజున కట్టలేదు.

నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయేమో. ఒంటినిండా సన్నటి ఎర్ర దద్దుర్లు వచ్చాయి, చెవుల వెనక బిళ్లలు కట్టాయి, జ్వరం పెద్దగా లేదు. అదే వారంలో మా బాబాయికి పిల్లనిచ్చేవాళ్లు ఇల్లు చూడ్డానికి రావలసి ఉంది. రెమ్మ కడితే వాళ్లు అటునుంచి అటే పోతారు. మా నానమ్మ నా వీపు చూసి, "గిది అమ్మోరు గాదే, ఎండకు పేలింది" అని తేల్చేసింది. ఊళ్లో సగం మంది పిల్లలకు బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. ఆమె కాదంటే కాదు, అంతే.

పక్కిల్లు ఒక ముస్లిం కుటుంబానిది. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలిని మేమంతా ఆపా అనేవాళ్లం, అంటే అక్క. ఆమె భర్తకి కాటేదాన్‌లో ఫ్యాక్టరీ పని. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. ఆపా నన్ను కన్నబిడ్డలా చూసేది. మా ఇంట్లో అందరూ చుట్టాల హడావిడిలో ఉంటే, ఒళ్లు దురద పెడుతోందని ఏడుస్తున్న నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని వీపు నిమిరింది. ఆమెకప్పుడు రెండో నెలో, మూడో నెలో. కొన్నాళ్లకి ఆమెకూ అవే దద్దుర్లు లేచాయి. వచ్చినంత తొందరగానే తగ్గిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత గ్రహణం వచ్చింది. గ్రహణం వేళ కడుపుతో ఉన్న ఆడది కత్తిపీట ముట్టకూడదన్న పట్టింపు వాళ్లింట్లోనూ ఉంది, మా ఇంట్లోనూ ఉంది. ఆ ఒక్క విషయంలో రెండిళ్లకూ తేడా లేదు. పాపం ఆపాకి పుల్లటిది తినాలని ప్రాణం కొట్టుకుంది. తలుపు దగ్గరగా వేసి మామిడికాయ కోసుకుంది. ఉప్పూ కారం అద్ది నాకూ ఒక ముక్క పెట్టింది.

నెలలు నిండి బాబు పుట్టాడు. మా నానమ్మే పురుడు పోసింది. వాడు కళ్లు తెరిస్తే నల్లగుడ్డు మధ్యలో పాలచుక్క పడ్డట్టు తెల్లగా ఉంది. ఆపా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "గ్రహణం పట్టింది" అంది నానమ్మ. వెంటనే నా వైపు తిరిగింది. "ఏందే, ఆ దినం నువ్వు ఆడనే ఉన్నవు గద. గ్రహణం పూట ఆమె ఏమన్న కోసిందా?"

వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా నన్నే చూశారు. అంతమంది పెద్దవాళ్లు నా మాట కోసం ఎదురుచూడడం అదే మొదటిసారి. ఛీ, ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది గానీ, అప్పుడు గొప్పగా ఉంది. "కోసింది నానమ్మా, మామిడికాయ. నేను గూడ తిన్న" అన్నాను. అబద్ధం కాదు. అందుకే తప్పని కూడా అనిపించలేదు.

ఆ రోజు నుంచి ఆపాకి ఆ ఇంట్లో విలువ లేకుండా పోయింది. నాలుక రుచి కోసం కొడుకు కళ్లు తీసుకుందని అత్తగారు వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. గ్రహణం పట్టినదానికి మందేముంటుందని దవాఖానకి పోనివ్వలేదు. ఆపా మాత్రం బాబు మొహం ముందు గాజులు ఆడిస్తూ, వాడి చూపు కదులుతుందేమోనని గంటలకొద్దీ కూర్చునేది. చివరికి ఆమె భర్తే పని మానుకుని బయల్దేరదీశాడు. తోడు ఒక పెద్దదిక్కు ఉంటే మంచిదని నానమ్మని రమ్మన్నాడు. నానమ్మ వెంట నేను.

పట్నంలో దవాఖానలో డాక్టరమ్మ బాబు కళ్లలోకి లైటు వేసి చూసింది, చెవి దగ్గర చిటికెలు వేసి చూసింది. నానమ్మ గ్రహణం మాట ఎత్తగానే విసుక్కుంది. గ్రహణానికీ దీనికీ సంబంధమే లేదంది. తొలి నెలల్లో దద్దుర్లతో జ్వరం వచ్చిందా అని ఆపాని అడిగింది. చూడ్డానికి తట్టులాగే ఉంటుందట, కానీ వేరట. మనకి నాలుగు రోజుల్లో పోతుంది గానీ కడుపులో బిడ్డని పట్టుకుంటుందట. వచ్చిందని ఆపా తలూపింది. "నీకంటే ముందు మీ ఇరుగుపొరుగున ఎవరికైనా వచ్చిందా?" అని మళ్లీ అడిగింది డాక్టరమ్మ.

నా భుజం మీద నానమ్మ చెయ్యి బిగుసుకుంది. ఆపా నన్ను చూసింది, నానమ్మని చూసింది. ఆమెకి తెలుసు. ఒక్క మాట అంటే చాలు, అత్తింటి నింద ఆమె నెత్తి మీంచి దిగి మా ఇంటి మీద పడేది. "నాకు యాద్ లేదమ్మా" అంది. బయటికి వచ్చాక నా తల నిమిరి, "చిన్న పిల్లవు, నీకేం ఎరుక. పరేషాన్ గాకు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక ఆపా భర్త తన తల్లికి అంతా చెప్పాడు. ఆవిడ వింటేగా! "డాక్టర్లకేం ఎరుక? కోసిందా లేదా, గది చెప్పు" అంది. దానికి సాక్షిని నేనే. ఆ జబ్బు మా ఇంటి నుంచి వచ్చిందని అప్పుడైనా మాలో ఒక్కరం కూడా అనలేదు. నానమ్మకి పరువు భయం, నాకు నానమ్మ భయం.

ఆపరేషన్లు అయ్యాయి. ఒక కంటికి కొంత చూపు వచ్చింది. వినికిడి మాత్రం రాలేదు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే రెండో కన్ను కూడా దక్కేదేమో అన్నారు. ఆ 'ఏమో' నన్ను ఇప్పటికీ తింటుంది.

పెళ్లయి శంషాబాద్‌లో కాపురం పెట్టాక నాకు నెల తప్పింది. సంగతి తెలిసి ఒకరోజు ఆపా వచ్చింది. వచ్చి, ఎర్రటి ఎండలో గేటు బయటే ఆగింది. నేను సంబరంగా ఎదురువెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "దగ్గరికి రాకు బిడ్డా. మా చిన్నోనికి జ్వరమున్నది, ఏం జ్వరమో ఏందో. బజారుకొచ్చిన, జర దూరంకెల్లి నిన్ను చూసి పోదామని." ఏం తింటున్నానో, వాంతులు తగ్గాయో లేదో అక్కణ్నుంచే అడిగి, పళ్ల సంచి గోడ మీద పెట్టి వెళ్లిపోయింది. మేం ఆమెకి చెయ్యనిది ఆమె నాకు చేసింది.

ఇప్పుడు మా వాళ్లలో ఏ ఆడపిల్లకి సంబంధం కుదిరినా నేను మొదట అడిగేది ఆ జబ్బు రాకుండా వేసే రుబెల్లా టీకా పడిందా అని. కడుపుతో ఉన్నప్పుడు వెయ్యరు, ముందే వేయించుకోవాలని వెంటపడి చంపుతాను. ముసల్దానికి చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఆపా పోయి చాలా ఏళ్లయింది. ఆ బాబు, ఆమె పెద్దకొడుకు, ఇప్పుడు బడంగ్‌పేట్‌లో తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. వెళ్లినప్పుడల్లా నా రెండు చేతులూ పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. తమ్ముడు చాయ్ తేవడానికి లోపలికి పోగానే, "నా నుంచేరా నాయనా నీకు వచ్చింది, మీ అమ్మ తప్పు కాదు" అని చెప్తాను. వినపడేవాళ్లకి ఆ మాట ఇంతవరకూ చెప్పలేకపోయాను. వాడు నా మాట అయ్యేదాకా నవ్వుతూ తలూపుతూనే ఉంటాడు.