పరస్కా ట్రాక్టరు

చలికాలం వచ్చిందంటే భోజనం కాగానే ఓస్టప్ బయటికి వెళ్లి, ట్రాక్టరు ముక్కు దగ్గర వేలాడే తీగను కొట్టం గోడకున్న ప్లగ్గులో పెట్టి వచ్చేవాడు. ఇంజనులో బిగించిన హీటరు దాన్ని వెచ్చగా ఉంచుతూ తెల్లవార్లూ సన్నగా సలసలమనేది. పొద్దున్నే బండి లేచేది, మనిషి ఎత్తలేని పెద్ద గడ్డి చుట్ట ఆవులకు చేరేది. ఇప్పుడు ఓస్టప్ లేడు. ఆయన పోయిన కొద్ది రోజులకే హీటరు కూడా కాలిపోయింది, చలికి బండి లేవడం లేదు. ఆయన భార్య పరస్కా ఆ చుట్టల్ని గడ్డపలుగుతో చీల్చి, మంచు మీద జారే స్లెడ్జి మీద లాగి ఆవులకు వేస్తోంది. నడుము ఆమె మాట వినడం మానేసింది.

మరిది రోమన్ కొత్త హీటరు తెచ్చాడు గానీ, మనసులో మాట వేరే.

"ఇది ఒక్క చలికాలంతో తీరే పని కాదు వదినా. లారీ మాట్లాడాను, ఆవుల్ని ఎక్కించేద్దాం."

"ముందు బండి లేవనీ. లేవకపోతే నీ మాటే."

ఇంజనులో తిరిగే కూలెంటు ద్రవాన్ని బకెట్లలోకి దించారు. రోమన్ కాలిపోయిన హీటరును ఊడబెరికాడు. పరస్కా ఆ కన్నం చుట్టూ తుప్పు గీకింది. కొత్తది దూర్చి మర బిగించాక రోమన్ బకెట్టు ఎత్తబోయాడు.

"పోసేసి, ప్లగ్గు పెట్టేద్దాం."

"వద్దు. లోపల గాలి నిలుస్తుంది. బండి ఒకసారి తిరిగితేగాని హీటరు కూలెంటులో మునగదు. మీ అన్న ఒకసారి ఆగలేక పెట్టాడు, నిమిషంలో మాడి ఊరుకుంది. ఆ పూట నా మొహం చూడ్డానికి సిగ్గుపడ్డాడు."

"చలికి బండి తిరగదు. తిరగందే హీటరు పెట్టకూడదు. పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు."

ఆమె బకెట్లు ఇంట్లోకి మోసి, స్నానాల తొట్టిలో వేడినీళ్లు పట్టి అందులో దించింది. బ్యాటరీని పొయ్యి పక్కన పెట్టింది.

"ట్రాక్టరుకు స్నానమా? ఊరు నవ్వుతుంది వదినా."

"నవ్వనీ. నువ్వు కుడుములు తిను, చల్లారిపోతున్నాయి."

మధ్యాహ్నానికి కూలెంటు ఒళ్లు వెచ్చబడ్డది. ఇంజనులో పోసి, బ్యాటరీ బిగించి, తాళం తిప్పింది. బండి మూలిగింది. మళ్లీ తిప్పింది. దగ్గింది. ఇంకోసారి తిప్పేసరికి నల్లపొగ కక్కి లేచింది. లోపలి గాలి బుడగలుగా బయటపడి కూలెంటు కిందికి దిగింది, తగ్గినంత ఆమె మళ్లీ పోసింది. పరస్కా స్టీరింగు మీద నుదురు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. సంతోషం అనుకున్నాడు రోమన్. అది అలసట.

గడ్డి చుట్ట ఆవుల ముందు దింపి, తిరిగొచ్చి బండి ఆపి, తీగ ప్లగ్గులో పెట్టింది. రోమన్ ఇంజనుకు చెవి ఆనించి విన్నాడు.

"ఉడుకుతోంది. సరే, నెగ్గావు. కానీ రేపు లారీ రావచ్చు, ఆవుల్ని ఎక్కించే ర్యాంపు మీద మంచు ఎత్తేసి ఉంచు. ఎందుకైనా మంచిది."

"చూస్తాలే."

అతని కారు మలుపు తిరిగింది. ర్యాంపు మీద మంచు మోకాలెత్తు పేరుకుని ఉంది. పార గోడకు ఆనించి ఉంది. పరస్కా రెండింటినీ చూసింది. చేతి తొడుగులు విప్పి జేబులో పెట్టుకుని, ఇంట్లోకి వెళ్లి పడుకుంది.