అమ్మేటోళ్లింట్ల నీళ్లు ముట్టని నా బిడ్డ

నా బిడ్డ పోయింది. వానలు మొదలైన వారంల, తార్నాకల తను పనిచేసే వకీలు ఆఫీసుల, కుర్చీలకెళ్లి లేవబోయి కూలబడ్డదట. దవాఖానకు తీస్కపోయేసరికే ప్రాణం లేదు. తలల నరం చిట్లిందన్నరు. ఆఫీసు పిల్ల ఫోన్ చేసి "ఆంటీ, జర జల్ది రండి" అన్నది, ఇంకేం చెప్పలె. పొయ్యి బంద్ చేసి, తలుపుకు తాళమేసి, ఆటో ఎక్కిన. అందరూ బాగ ఏడ్చినవా అని అడుగుతున్నరు. ఏడ్చిన. ఇప్పుడు దాని గురించి నాలుగు ముక్కలు రాస్తున్న. పెద్ద చదువు లేనిదాన్ని, నాకు వచ్చినట్టు రాస్త.

నేను యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సుల వంట చేసిన. ఇంటాయన పోయినంక ఆయన నౌకరి నాకిచ్చిండ్రు. క్యాంపస్ లోపలనే రేకుల క్వార్టర్ల ఉంటుంటిమి. నా ఒక్కగానొక్క బిడ్డ గాడనే పెరిగింది. క్వార్టర్లల్ల గోడ ఎవలది, చెట్టు ఎవలది అని ఎవ్వరూ అడగరు. చింతకాయ రాలితే ఏరుకుంటం, నెమలి వస్తే నిలబడి చూస్తం. రిటైర్మెంట్ దగ్గరికొచ్చినంకనే నాకు సమజైంది, ఈ ఇల్లు మనది కాదు, ఖాళీ చేయాలె అని. "చిన్నదైనా సరే బిడ్డా, సొంతిల్లు కావాలె" అన్న.

దాని పనే ఇండ్ల కాగితాలు చూసుడు. ఎవరన్న ఇల్లు కొంటుంటే, అది ఎవలి చేతులకెళ్లి ఎవలి చేతులకు వచ్చిందో పాత దస్తావేజులు తిరగేస్తది. రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఈసీ తీయించి, దాని మీద ఏం అమ్మకాలు, ఏం అప్పులు రాసి ఉన్నయో చూస్తది. పక్కోళ్లకు చేసిన పనే మాకు ఇంకింత గట్టిగ చేసింది. గందుకే మాకు ఇల్లు దొరకలె. ఒకటి నాలా మీద ఉన్నదన్నది. ఒకటి అమ్మేటాయన పేరు మీదనే లేదన్నది.

"ఏందే, పెండ్లి సంబంధాలు చూసినట్టు వంకలు పెడుతున్నవు?" అన్న.

"పెండ్లికొడుకు మంచోడు కాకుంటే పుట్టింటికి రావచ్చమ్మా. ఇల్లు మంచిది కాకుంటే యాడికి పోతం?" అన్నది.

దానికో పట్టింపు. అమ్మేటోళ్ల ఇంట్ల మంచినీళ్లు కూడ ముట్టదు. "నీళ్లు తాగినంక గట్టిగ అడుగుదామంటే నోరు రాదమ్మా" అంటుండె.

తార్నాకల ఒక గల్లీల ఒక ఇల్లు చూసినం. రెండు అర్రలు, వంటిల్లు, ఎనక బట్టలారేసుకునేంత జాగ. నాకు గడప దాటంగనే మనసైంది. ఇద్దరు అన్నదమ్ములు అమ్ముతున్నరు. వాళ్ల నాయన కట్టిన ఇల్లు, ఆయన పోయిండు. పెద్దాయన చాయ్ తెప్పిచ్చిండు. నేను తాగిన. బాగున్నదంటే ఇంకో కప్పు పోసిండ్రు, అది కూడ తాగిన. నా బిడ్డ కప్పు గట్లనే ఉన్నది, మీద మీగడ కట్టింది.

"తాగమ్మా, చల్లగైతది."

"తాగుతా అన్నా. మీరు ఎంతమంది తోడబుట్టినోళ్లు?"

"ఇద్దరమే. వారసులు ఎవలో రాసిచ్చిన మండలాఫీసు కాగితం ఇచ్చినం గద."

"చూసిన. అయినా అడుగుతున్న."

పెద్దాయన "ఇద్దరమే" అని మళ్ల అన్నడు. చిన్నాయన నేల చూసిండు.

బయటికొచ్చినంక నేను ఊకోలె. "మర్యాదగల్ల మనుషులను పట్టుకొని పోలీసుల లెక్క అడుగుడేంది?"

"రెండు కప్పులు తాగినవు. ఇగ నీకు అందరూ మర్యాదగల్లోళ్లే."

ఎదురింటి గడప మీద ఒక అవ్వ తోటకూర తెంపుకుంట కూసున్నది. నా బిడ్డ పోయి పక్కన కూసొని తనూ ఒక కట్ట తీసుకున్నది. జరసేపు తెంపినంక అడిగింది, "అవ్వా, ఈ ఎదురింటి ఆడపిల్లను ఏడికి ఇచ్చిండ్రు?"

ఆడపిల్ల ఉన్నదా అని అడగలె. ఏడికి ఇచ్చిండ్రు అని అడిగింది.

"ఇచ్చుడేంది బిడ్డా, అదే పోయింది. మెట్టుగూడల రైల్వే క్వార్టర్లల్ల ఉంటది. చర్చికి పోయే పిల్లగాన్ని చేసుకున్నదని గడప తొక్కనియ్యలె. నాయన సచ్చిన నాడు గీ రోడ్డు మీదనే నిలబడి పోయింది."

నా బిడ్డను పక్కకు గుంజిన. క్వార్టర్ ఖాళీ చేయమని అప్పటికే చెప్పి ఉన్నరు.

"ఈసీల ఆమె పేరున్నదా?"

"లేదు."

"మండలాఫీసు కాగితంల?"

"లేదు."

"మరి నీకెందుకే?"

"ఈసీల అమ్మినయి, కొన్నయి వస్తయి గాని, ఎవలికి ఎవలు పుట్టిండ్రో రాదమ్మా. నాయన ఇంట్ల ఆమెకూ పాలున్నది. కోర్టుకు పోతే ఇల్లు ఆగమైతది. పోకున్నా, ఎప్పుడో ఒకనాడు వచ్చి వాకిట్ల నిలబడ్తది. ఇంట్ల ఉండేది నువ్వు. ఏం చెప్తవు ఆమెకు?"

మెట్టుగూడ పోయినం. ఇల్లు అమ్ముతున్న సంగతి ఆమెకు మేం చెప్పినంకనే తెలిసింది. లోపలికి పోయి చాయ్ తెచ్చింది. నా బిడ్డ గటగట తాగింది. ఏందే, గీడ తాగుతున్నవు అని చెవిల అడిగిన. "ఈమెను అడగాల్సింది ఏమున్నదమ్మా, చెప్పాల్సిందే ఉండె" అన్నది.

ఆమె చివరికి ఒక్కటే మాటన్నది. "సంతకం పెడ్త. మా అన్నను వచ్చి పిలవమను. బొట్టు పెట్టకున్నా సరే, పేరు పెట్టి పిలవమను."

మళ్ల తార్నాక పోయి ఆ మాట చెప్పంగనే పెద్దాయన లేచిండు. "ఇల్లు కొన వచ్చిండ్రా, మా ఇంట్ల లొల్లి పెట్ట వచ్చిండ్రా? పోండి" అన్నడు. అయిపోయింది. క్వార్టర్ ఖాళీ చేసి నల్లకుంటల ఒక అర్ర కిరాయికి తీసుకున్నం. మెస్సు గిన్నెలు తోమిన చేతులు నాయి, ఆ అర్రల గిన్నె పెట్టుకునే జాగ లేకుండె. నేను మొఖం ముడుచుకొని ఉంటే అదే అన్నది, "కిరాయి ఇంట్ల ఓనర్ ఒక్కడే అడుగుతడమ్మా. లొల్లి ఇంట్ల పోయేటోడు, వచ్చేటోడు అందరూ అడుగుతరు."

కొన్ని నెలలకు చిన్నాయన మా కిరాయి ఇంటికి వచ్చిండు. కూసోమంటే కూసోలె. "అక్కను తీస్కొచ్చిన. ఆటోల ఉన్నది" అన్నడు. పెద్దాయనను ఎట్ల ఒప్పిచ్చిండో మాకు చెప్పలె, మేం అడగలె. రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముగ్గురూ సంతకాలు పెట్టిండ్రు, ముగ్గురి పేర్ల మీద చెక్కులు రాసింది నా బిడ్డ. బెంచి మీద పెద్దాయన మొఖం అటే పెట్టుకొని కూసున్నడు. గాని చెల్లె వస్తే జరిగి జాగ ఇచ్చిండు.

ఆ ఇంట్ల నా బిడ్డ ఉన్నది ఒక చలికాలం, ఒక ఎండకాలం. ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉంటున్న. నా దగ్గరికి వచ్చి ఇది మాది అన్నోళ్లు ఎవలూ లేరు.

తాళాలు చేతికొచ్చిన దినం పగటీలి ఇద్దరమే పోయినం. సామాను ఇంకా రాలె, ఫ్యాను కూడ లేదు. నేను వంటింట్ల నల్ల తిప్పి నీళ్లు వస్తున్నయా చూసి వచ్చేసరికి, అది నడిమి అర్రల ఉత్త నేల మీద, చున్నీ మొఖం మీదేసుకొని పండుకొని ఉన్నది. "నేల చల్లగున్నదమ్మా" అన్నది. గంతే, నిద్రపోయింది. గప్పుడే గల్లీల పాత ఇనుప సామాన్ల బండాయన మైకు పెట్టుకొని వచ్చిండు. నేను బయటికి ఉరికి, "అన్నా, జర బంద్ చెయ్యి, లోపల మా బిడ్డ పండుకున్నది" అన్న. ఆయన మైకు బంద్ చేసి, మా ఇల్లు దాటేదాక బండిని మెల్లగ నెట్టుకుంట పోయిండు.