బొమ్మలక్క దాటిన చేయి

ఆమెను అందరూ బొమ్మలక్క అనేవాళ్లు. ముప్పై ఏళ్లుగా బట్టల షాపు అద్దాల గదిలో నిలువెత్తు బొమ్మలకు బట్టలు తొడగడమే ఆమె పని. బొమ్మ చేయి మెలితిప్పి ఊడదీయడం, చొక్కా ఎక్కించడం, మళ్లీ బిగించడం.

పార్కిన్సన్స్ వచ్చాక చేతులు వణికినా ఆమె లెక్కచేయలేదు. భయపెట్టింది పాదాలే. గుమ్మం దగ్గరికి రాగానే నేలకు అతుక్కుపోయేవి.

"కింద నుంచి ఎవరో పట్టుకున్నట్టే ఉంటుందిరా తమ్ముడూ," అనేది, అదే షాపులో బిల్లులు రాసే నాతో.

ఒకసారి కాళ్లను బలవంతాన లాక్కోబోయి, పడి, మణికట్టు విరగ్గొట్టుకుంది. కూతురు తెగేసి చెప్పింది: "ఇంకొక్కసారి పడ్డావంటే షాపు మాట ఎత్తకు!"

నడక నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు ఇంటి గుమ్మాల ముందు పసుపు రంగు టేపు అంటించాడు. "కాళ్లతో కుస్తీ పట్టకండమ్మా. ఆగండి. నిటారుగా నిలబడండి. బరువు ఒక కాలి మీదికి తెచ్చుకుని, రెండో కాలితో గీత దాటండి."

"ఆడదాన్ని గీత దాటమన్నవాణ్ణి నిన్నే చూశానయ్యా!" అంది బొమ్మలక్క.

ఇంట్లో పనిచేసింది. షాపులో టేపు వేయించుకోవడానికి మాత్రం నామోషీ పడింది.

ఒక మధ్యాహ్నం అద్దాల గది మధ్యలో పాదాలు ఆగిపోయాయి. భోజనానికి వెళ్తూ సేల్స్‌మాన్ తొంగిచూశాడు. ఈ జబ్బుకు మొహమూ బిగుసుకుపోతుంది, గొంతూ సన్నబడుతుంది. ఆమె పిలుపు అతనికి వినపడలేదు. బొమ్మల్లో ఒక బొమ్మ అనుకుని షట్టర్ దించేశాడు.

మసక చీకట్లో పదకొండు బొమ్మలు, ఆమె. పక్కదాన్ని పట్టుకోబోతే అది ఊగింది. అది పడితే తనూ పడుతుంది, పడితే పని పోతుంది. చేతి అలవాటు కొద్దీ దాని చేయి ఊడదీసి కాలి ముందు గీతలా అడ్డంగా పడేసింది. తెల్లగా కనిపించింది. ఆగింది, నిటారుగా నిలిచింది, బరువు మార్చింది, దాటింది.

నాలుగడుగుల తర్వాత గుమ్మం. పాదాలు మళ్లీ అతుక్కున్నాయి. తల వంచి చూస్తే గుమ్మానికి అడ్డంగా ఇంకో తెల్లటి చేయి.

"నేను వేసింది ఒక్కటేరా," అంది తర్వాత నాతో, గొంతు తగ్గించి.

దాన్నీ దాటి, అవతల స్టూలు మీద కూర్చుంది. షట్టర్ లేచాక చూస్తే నేల మీద ఉన్నది ఒక్క చేయే.

ఇప్పుడు షాపంతా టేపు ఉంది, ఆ గుమ్మం దగ్గర తప్ప. అక్కడ వద్దంది. మొన్న నేనే చూశాను: ఏమీ లేని నేల మీద కాలు పైకెత్తి, దేన్నీ తొక్కకుండా, పదిలంగా దాటింది.