నొప్పి నాకు, మందు ఆయనకు

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కట్టడం మొదలైన రోజులవి. నాకు ముట్టు ఆగిపోయి రెండేళ్లయింది. నిజామాబాద్‌లో మా ఆయనది పసుపు వ్యాపారం. కొమ్మును విరిచి, ఆ చప్పుడు విని, లోపల ఎంత ఎండిందో చెప్పేవాడు. ఆయన చెయ్యి గొప్పదని బజారంతా చెప్పుకునేది. ఆ చెయ్యి గురించి నాకు తెలిసినంత బజారుకు తెలియదు.

ఆయన దగ్గరికి వస్తే చాలు, నాకు మంట మొదలయ్యేది. పచ్చి పుండును గరుకు గుడ్డతో రుద్దినట్టుండేది. రెండుసార్లు చీరకు నెత్తురు కూడా అంటింది. ఆపమంటే అటు తిరిగి పడుకుని మూడు రోజులు మాట్లాడేవాడు కాదు. నాలుగో రోజు అదే మాట.

"నీకు నా మీద మనసు లేదు. గందుకే గిట్ల సాకులు చెప్తున్నవ్."

మా ఇంట్లోనే ఉండే ఆడబిడ్డకు ప్రతి రోగానికీ మందు తెలుసు. ఒక్క రోగమూ నయం చేసిన పాపాన పోలేదు.

"లోపల వేడి చేసింది వదినె. పసుపు, పటిక నూరి పెట్టు. దుకాణం నిండ పసుపే ఉన్నది."

బుద్ధి తక్కువై పెట్టుకున్నాను. పుండుకు, బాలింతకు, గడపకు, దేవుడికి పసుపే పూసే ఇంట్లో దానివల్ల చెడు జరుగుతుందని ఎవరికి తడుతుంది? పటిక ఉన్న కాస్త తడినీ పీల్చేసింది. నెల తిరిగేసరికి ఒంటికి పోయినా ఏడుపొచ్చేది. మంట తగ్గలేదంటే ఆవిడ ఇంకాస్త నూరి ఇచ్చింది.

అప్పుడు ఆయన హకీం దగ్గరికి పోయాడు, నన్ను తీసుకుపోకుండానే. ఆ హకీం నా గురించి ఒక్క ముక్క అడగలేదట. ఆయన నాడి పట్టుకుని, ఆయనకే బలం రావడానికి మాజూన్ అనే లేహ్యం ఇచ్చి పంపాడు. నొప్పి నాకు, మందు ఆయనకు. పాలల్లో కలుపుకుని నలభై రోజులు శ్రద్ధగా తాగాడు. ఆ బలమంతా భరించాల్సింది నేను. ఆ ఇద్దరు పెద్దమనుషుల తెలివి తలచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యమే.

నేను అసలు దగ్గరికే రానివ్వడం మానేశాక, ఆడబిడ్డ ఆయన కోసం బోధన్ వైపు మారుమనువుకు ఒప్పుకునే ఒకామెను చూసింది. చెరకు తోటలున్న వాళ్లట. నా ముందే మాట్లాడుకున్నారు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఇంట్లో నేను వంటమనిషిగా మిగలాలన్నమాట.

ఆ నెలలోనే కోడలి కాన్పుకు మిషన్ దవాఖాన నర్సమ్మ వచ్చింది. నేను కూర్చోలేక పక్కకు ఒరగడం గమనించి, తలుపు వేసి అడిగింది. అంతా చెప్పాను. పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ అంది:

"గా పసుపు, పటిక ఇయ్యాల్నే బంద్ వెట్టు, అమ్మ. ముట్టు నిలిచినంక లోపల తడి తగ్గుతది, తోలు పల్చవడ్తది. శానమందికి అయితది. మంట తగ్గేదాక దగ్గరికి రానియ్యకు. తర్వాత కొబ్బరినూనె రాసుకో, తొందరపడొద్దని ఆయనకు చెప్పు. మళ్ల నెత్తురు కనవడితే దవాఖానకు రా."

"మనసు లేక కాదా?" అని అడిగాను. అప్పటికి ఆ అనుమానం నాకే పట్టుకుంది.

"మనసుకు, దీనికి ఏం సంబంధం?" అంది.

మంట చల్లారడానికి రెండు నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు, ఆడబిడ్డ వింటుండగానే చెప్పాను. సిగ్గుపడాల్సింది నేను కాదని అప్పటికి నాకు తేలిపోయింది.

"కొమ్ము ఎండితె ఇరిచి చెప్తరు. నేనెండితె పక్కల పండుకోని గూడ తెల్వలే మీకు. ఇగ నేను ఆగమంటె ఆగాలె. ఆగనంటె బోధన్ పోయి ఆమెనే తెచ్చుకోర్రి."

ఆడబిడ్డ లేచి లోపలికి పోయింది. ఆయన భోజనం ముగించి దుకాణానికి పోయాడు. బోధన్ మాట మళ్లీ ఎత్తలేదు. వారం తర్వాత కొబ్బరినూనె సీసా తెచ్చి గూట్లో పెట్టి, గోడకు చెప్పినట్టు అడిగాడు.

"ఇంక నొస్తుందా?"

ముప్పై ఏళ్లలో ఆ మాట అడగడం అదే మొదటిసారి. దానికి నేను కరిగిపోయానని మా కోడలు అనుకుంటుంది. కరగలేదు. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట ఆయనకు చేతనవుననీ, అడగలేదంతేననీ తెలిసి ఒళ్లు మండింది.