డిటెక్టివు భార్యను మేం బతికించుకున్నాం

డెబ్బైల నడుమ నేను సీలేరు ప్రాజెక్టు కాలనీలో టెలిఫోన్ ఆపరేటరుని. కాలనీలో కరెంటుకు లోటు లేదు గానీ కాలక్షేపానికి మాత్రం కరువే. నెలకోసారి క్లబ్బులో తెర కట్టి సినిమా వేసేవారు. ఆ రోజుల్లో మద్రాసు కంపెనీ ఒకటి ఒకే డిటెక్టివును పెట్టి వరసగా మూడు సినిమాలు తీసింది. తోలు కోటు, నల్ల టోపీ, శత్రువు మీద పడబోయే ముందు సన్నగా ఓ ఈల. మా కాలనీలో ఆ ఈల వెయ్యని మగవాడు లేడు.

మూడో సినిమాలో ఆ డిటెక్టివు భార్య జీపుతో సహా లోయలో పడి చచ్చిపోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. మొదటి రెండు సినిమాల్లోనూ సగం చిక్కుముళ్లు విప్పింది ఆవిడే. అలాంటి మనిషిని, ఆయనకు ఏడవడానికి ఓ కారణం కావాలని చంపేశారు. మర్నాడు డ్యూటీ దిగాక ఆ కోపంలోనే కూర్చుని కథ రాశాను. ఆవిడ లోయలో పడుతుంది గానీ చావదు. కొండవాళ్లు కాపాడతారు. వాళ్ల మధ్యే ఉండి, అడవిలో కలప దొంగిలించే ముఠాను పట్టిస్తుంది. చివర్లో భర్త ఈల వేసుకుంటూ వస్తాడు.

మా అసిస్టెంట్ ఇంజనీరుగారు ట్రైనింగుకి విదేశం వెళ్లినప్పుడు చిన్న ఫిల్ము కెమెరా, దానికి ప్రొజెక్టరు కొనుక్కొచ్చారు. అప్పటికి వాటితో పిల్లల పుట్టినరోజులు తీసి, చూసుకుంటూ ఉండేవారు. నా కథ చదివి నవ్వారు. కానీ తరవాతి ఆదివారం కెమెరా మెడలో వేసుకుని మా క్వార్టరు ముందుకొచ్చి నిలబడ్డారు.

భార్య వేషానికి కాలనీ ఆస్పత్రి నర్సుని అడిగాను. పక్క కొండ మీది ఊళ్లో పుట్టి, పట్నంలో నర్సు చదువు చదివి వచ్చిన అమ్మాయి. నన్ను అప్పా అని, అంటే అక్కా అని పిలిచేది. మాట తక్కువ, నడక చురుకు. కెమెరా ముందు ఆ అమ్మాయి చెయ్యాల్సిందల్లా రోజూ నడిచినట్టు నడవడమే. డిటెక్టివుగా, కొండ మీదికి ట్రాలీ లాగే వించి ఆపరేటరు. ఈల బాగా వేస్తాడని అతన్ని తీసుకున్నాం. నర్సు పుట్టిన ఊరివాళ్లే కొండవాళ్ల వేషాలు వేశారు, అంటే వాళ్లు వాళ్లలాగే ఉన్నారు.

ఆ చలికాలం ఆదివారాలన్నీ షూటింగే. తీసిన ఫిల్ము కడగడానికి బొంబాయి పంపితే, అదే తిరిగొచ్చేది. దానికి రెండో కాపీ ఉండదు. శబ్దం కూడా లేదు. ప్రొజెక్టరు పక్కన మైకు పట్టుకుని అందరి మాటలూ నేనే చెప్పేదాన్ని. ఈల వంతు వస్తే వించి ఆపరేటరు మైకు దగ్గరికి వంగేవాడు.

క్లబ్బులో వేసిన రోజు జనం గోడలెక్కి చూశారు. ఇంజనీరుగారి బావమరిది సాలూరులో ఉండేవాడు. అతని పట్టుదల మీద అక్కడి స్కూలు ఆవరణలో కూడా వేశాం. అదే వారం సాలూరు హాల్లో కంపెనీవారి మూడో సినిమా మళ్లీ ఆడుతోందని మాకు తెలియదు. హాలుకి రావలసిన జనం స్కూలుకి వచ్చారని హాలు యజమాని కంపెనీకి ఫిర్యాదు చేశాడట. నెల తిరక్కుండా లాయరు నోటీసు వచ్చింది. పాత్రలు కంపెనీవి కాబట్టి మేం తీసింది కాపీరైటు దొంగతనమట. ఫిల్ము అప్పగించాలి, వాళ్లు దాన్ని నాశనం చేస్తారు.

ఇంజనీరుగారు బెదిరిపోయారు. గవర్నమెంటు ఉద్యోగం, పిల్లలు చిన్నవాళ్లు. ఇచ్చేద్దామన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. అయినా కంపెనీ మనిషి ఒక్కసారి వచ్చి ఫిల్ము చూశాకే ఇస్తామని జవాబు రాయమన్నాను. నిజంగానే వచ్చాడు. బెజవాడ ఆఫీసులో పనిచేసే నడివయసు మనిషి. ఘాట్ రోడ్డు తిప్పలకి ముఖం పాలిపోయి బస్సు దిగితే, నర్సే మాత్రలిచ్చి గెస్ట్ హౌసులో పడుకోబెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం క్లబ్బు కిటికీలకి దుప్పట్లు కట్టి వేసి చూపించాం. నేను మైకు లేకుండానే మాటలు చెప్పాను. అయిపోయాక ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"బాగా తీశారు, అందుకే మాకు ఇబ్బంది" అన్నాడు. "కాపీరైటంటే కాగితం మీది కథొక్కటే కాదమ్మా. ఆ మనిషి మావాడు. కోటు, టోపీ, ఈల, పెళ్లాం, అన్నీ మావే. చచ్చిపోయినా ఆవిడ మాదే."

"మీరే సంపీసి లోయలో ఒగ్గీసినారు కదండీ" అన్నాను. "ఆ తరవాత ఆవిడేటి సేసిందో మీ సినిమాల్లో ఎక్కడుంది?"

"రేపు మేం నాలుగోది తీస్తే అందులో ఉండొచ్చు కదా."

 ఆయన చెప్పిందాంట్లో న్యాయం ఉందని నాకూ తోచింది.  అప్పుడు వెనక బెంచీ మీద కూర్చున్న నర్సు లేచి నిలబడింది.

"మీ డిటెక్టివుగారి పెళ్లాన్ని మీరు అట్టుకెల్లిపోండి బాబూ. నేనావిడిని కాను. నన్నూ, మా ఊరోల్లనీ ఇక్కడ ఒగ్గీండి."

కంపెనీ మనిషి ఆమె వంక చూసి, అలాగైతే తమవి మాత్రం కోసి ఇమ్మన్నాడు. ఆ తరవాత జరిగింది నాకు ఇప్పటికీ గర్వమే. నలుగురం బల్ల చుట్టూ కూర్చుని, ఏది వాళ్లది, ఏది మాది అని ఒక్కొక్క సీనూ తేల్చుకున్నాం. డిటెక్టివు కనిపించే ముక్కలన్నీ వాళ్లవి. జీపు పడటం వాళ్లది. ఈల వాళ్లది, ఆవిడ పేరూ వాళ్లదే. లోయ మాది. కొండవాళ్లు, ముఠా, ఆవిడ కాపలా కాసిన రాత్రుళ్లు మావి. ఇంజనీరుగారు తన చేత్తోనే ఫిల్ము కత్తిరించి, మిగిలినదాన్ని అతికించారు. కత్తిరించిన ముక్కల్ని కంపెనీ మనిషి పేపర్లో చుట్టుకుని, మిగిలినదాంతో తమకు సంబంధం లేదని సంతకం పెట్టి బస్సెక్కాడు.

మాకు మిగిలినదానికి మొదలూ లేదు, చివరా లేదు. ఆ రెండూ మళ్లీ రాశాను, మళ్లీ తీశాం. ఇప్పుడామె ఎవరి భార్యా కాదు, చదువుకుని సొంత ఊరికి తిరిగొస్తున్న పిల్ల. చివర్లో ఆదుకోవడానికి ఎవరూ రారు, దొంగ లారీని ఆమే ఊరివాళ్లని కూడగట్టి అడ్డుకుంటుంది. హీరో వేషం పోయిందని వించి ఆపరేటరు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ముఠాకి కొత్తగా ఓ నాయకుణ్ణి పెట్టి ఆ వేషం ఇచ్చాక ముందుకన్నా బాగా చేశాడు.

ఆ ఎండాకాలం జనరేటరు లారీ ఎక్కించి, సంత జరిగే ఊళ్లో పొద్దు వాలాక దాన్ని వేశాం. పనసపళ్లు, చింతపండు అమ్ముకుని ఇళ్లకు బయల్దేరినవాళ్లు ఆగిపోయారు. అక్కడివాళ్లలో చాలామంది అంతవరకు ఏ సినిమా చూసినవాళ్లు కారు. ఆ డిటెక్టివు సంగతి వాళ్లకి ఏనాడూ తెలియదు. తెర మీద తమ గట్టూ, తమ గేదే, తమ మనిషీ కనబడేసరికి అంతా సద్దుమణిగింది. సినిమాలో దొంగ లారీని ఆపే చోట ఓ ముసలామె లేచి, తెర మీది నర్సుకి తన భాషలో ఏదో చెప్పింది. ఏమందని పక్కనున్న నర్సుని అడిగాను.

"ఆ దొంగోల్లని ఒగ్గీకు అంటాంది అప్పా" అంది, కళ్లు తెర మీంచి తిప్పకుండా.

తరవాత టీకాలకి ఏ ఊరు వెళ్లినా నర్సు కోసం జనం ఎదురొచ్చేవారు. ఇంజనీరుగారికి బదిలీ అయ్యేలోపు మేం ఇంకో రెండు ఫిల్ములు తీశాం. వాటిలో ఒక్క మనిషిని కూడా ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. కథలన్నీ నేనే రాశాను. పెద్ద సినిమాలు తీసేవాళ్లని తరవాత చాలామందిని చూశాను గానీ, వాళ్ల ముందు నేనెప్పుడూ చిన్నబోలేదు.