మిషన్‌లో పట్టించిన పిండి

కోయిలకుంట్ల బస్సుస్టాండులో, వేసవి తిరునాళ్ల నుంచి తిరిగివస్తున్న ఒక రైతు కూతురితో నా పక్కన కూర్చున్నాడు. ఆ పాప ఆకలితో వాడిపోయి ఉంది. నా జొన్నరొట్టెలో సగం తుంచి ఇచ్చాను.

రైతు ఆమె చేయి పట్టుకున్నాడు. "పిండి యాడ పట్టించినారప్పా?"

"మిషన్‌లో."

"అయితే వద్దులేప్పా. ఆడ రేషను గోదుమలూ పడతారు. ఆ గోదుమపిండి రవ్వంత తగిలినా పాపకు వారం దినాలు బేదులే. తిర్నాళ్లంతా తిరిగినా ఏమీ దొరకలే. ఇంటికి పోతే వాళ్లమ్మ ఇసుర్రాయిలో ఇసిరి రొట్టె చేస్తాది."

పాప రొట్టెను నా చేతిలో తిరిగి పెట్టింది. బస్సుకు ఇంకా రెండు గంటల వ్యవధి ఉంది.

పట్టభద్రుడనై ఇల్లు చేరాక నేను మొదట చేసిన సంస్కరణ, అమ్మ చేత విసుర్రాయి మానిపించడం. రొట్టెను మూటలో దాచి, పాప వైపు చూడకుండా కూర్చున్నాను.