డుంబ్రిగుడ సంతలో గిడుగు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, పసుపు కొందామని అరకు కొండలెక్కి డుంబ్రిగుడ సంతకు వెళ్లాను. ఆనాటి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జోరువాన. దొర, దొరసాని గుర్రాలు దిగారు. దొరసాని నెత్తిన కనుబొమల దాకా దిగిన, బోర్లించిన చెంబులాంటి కొత్తరకం టోపీ. నాకు పసుపు కొలుస్తున్న కొండజాతి ఇల్లాలి నెత్తిన వెదురూ అడ్డాకులతో అల్లిన గిడుగు. ఆమె వీపున కట్టుకున్న పసిబిడ్డకూ అదే గొడుగు.

“దొరల ముందు నెత్తిన గిడుగేటి? బేగి తియ్యి!” అని దొర వెంట వచ్చిన గుమాస్తా అరిచాడు.

“ఆయమ్మ తీసిందేటి?” అందామె, దొరసాని టోపీ చూపిస్తూ.

దొరల్లో టోపీ తీయాల్సింది మగవాళ్లే. ఆడవాళ్లు చర్చిలో కూడా తీయరు. ఆ మర్యాద గుమాస్తాకు నాకన్నా బాగా తెలుసు. అయినా గిడుగు లాగేశాడు, ఆమెను ఆడదాని కింద లెక్కేస్తేగా! బిడ్డ తడిసి గుక్కపట్టి ఏడ్చింది. దొరసానికేమో ఆ గిడుగు చూసి ముచ్చటేసింది. తన టోపీ తీసి, అది పెట్టుకుని, ఎలా ఉన్నానన్నట్టు మొగుడి వైపు తిరిగింది. గుమాస్తా చేతులు కట్టుకుని ఇకిలించాడు.

ఆమె బిడ్డను కొంగులో దాచుకుని, వాడి మొహం మీదే అడిగింది: “నా నెత్తి మీదుంటే తప్పయిపోనాది. ఆయమ్మ నెత్తి మీదికెల్తే సోకయిపోనాదేటి?”